మామిడి క్రంబుల్: కొల్లాపూర్ పండు, జొన్న పిండి, తక్కువ తీపి

ఈ ఎపిసోడ్‌లో మామిడిపండుతో బేక్ చేసే ఒక స్వీట్ చేద్దాం. పేరు క్రంబుల్. కింద మెత్తగా ఉడికిన పండు, పైన కరకరలాడే పొడి పిండి, అంతే. కేకులాగా పొంగాల్సిన పని లేదు. గుడ్డు లేదు, క్రీము లేదు, బీటర్ లేదు. ఓవెన్ లేకున్నా అవుతుంది. వీడియో మధ్యమధ్యలో ఆపి కొలతలు రాసుకోవడం ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి, మాట్లాడిందంతా ఇక్కడ వరసగా పెడుతున్నా. ఫోన్ పక్కన పెట్టుకుని చేసేయొచ్చు.

రెసిపీ ఒక్కటే అయితే రెండు నిమిషాల్లో చెప్పి వెళ్లిపోవచ్చు. కానీ అసలు ముచ్చట వేరే ఉంది. "హెల్దీ స్వీట్", "నో షుగర్", "షుగర్ ఉన్నోళ్లు కూడా భయం లేకుండా తినొచ్చు" అని రాసి ఉన్న రీల్స్ మీరూ చూసే ఉంటారు. అందులో చక్కెర ఉండదు, నిజమే. కానీ దాని బదులు కప్పు నిండా బెల్లం పోస్తారు, లేదంటే పది ఖర్జూరాలు రుబ్బి వేస్తారు. అది చూసి ఇంట్లో షుగర్ ఉన్న మనిషి ధైర్యంగా రెండు గిన్నెలు తిన్నారనుకోండి, రీల్ చేసినాయనకు ఏమీ కాదు, తిన్నోళ్లకే అవుతుంది. అందుకే ఈసారి రుచితో పాటు లెక్క కూడా చేద్దాం. ఏది తగ్గించాం, ఎంత తగ్గించాం, ఏది తగ్గలేదు, అన్నీ.

అసలు క్రంబుల్ అంటే ఏంటి?

ఇది ఇంగ్లండ్ వంట. అక్కడ పండ్లతో "పై" అని ఒకటి చేస్తారు. కింద పిండి రొట్టె, మధ్యలో పండు, మళ్లీ పైన ఇంకో రొట్టె. దానికి మైదా, వెన్న బాగా పడతాయి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1940 జనవరిలో బ్రిటన్‌లో వెన్న, చక్కెర రేషన్ మీదికి వెళ్లాయి. ఆ రేషన్ వ్యవస్థ పూర్తిగా ఎత్తేసింది 1954లో. ఆ కరువు రోజుల్లో రెండు రొట్టెలు పెట్టే స్తోమత లేక, పిండిలో కాస్త వెన్న నలిపి పండు మీద చల్లి కాల్చుకోవడం ఇంటింటి వంటగా మారిందని చెప్తారు. ఓట్స్ కలపడం కూడా అట్లాంటి పొదుపే.

అంటే ఇది మొదటినుంచీ తక్కువలో తక్కువతో చేసుకునే వంట. కాబట్టి మనం దాన్ని తేలిక చేస్తుంటే కొత్తగా ఏమీ కనిపెట్టట్లేదు, పాత పద్ధతికే తీసుకెళ్తున్నాం. మన దగ్గర దీనికి చుట్టం కూడా ఉంది. సద్దుల బతుకమ్మకు మలీద చేస్తారు కదా, రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలిపి? ముద్ద కట్టకముందు ఆ మలీద ఎట్లా పొడిపొడిగా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. క్రంబుల్ పైపొర చూడ్డానికి అచ్చం అట్లనే ఉంటుంది.

పండు: ఏది తీసుకోవాలి?

మన నాగర్‌కర్నూల్ జిల్లాలో మామిడి అంటే కొల్లాపూర్. కృష్ణా నది పక్కన, నల్లమల అంచున ఉన్న ఊరు. ఒకప్పుడు సంస్థానం. ఎండాకాలంలో బిజినేపల్లి సెంటర్‌లో బండి మీద పండ్లు అమ్మేవాళ్లను అడిగినా "కొల్లాపూర్ కాయ" అనే చెప్తారు. అన్నీ అక్కడివే అవునా కాదా అన్నది వేరే సంగతి! ఎక్కువగా వచ్చేది బేనిషాన్. ఆంధ్ర వైపు దీన్నే బంగినపల్లి అంటారు. 2017లో బంగినపల్లి మామిడికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

బేకింగ్‌కు బేనిషాన్ మంచి ఎంపిక. కారణం సింపుల్. పీచు తక్కువ, కండ గట్టిగా ఉంటుంది, ముక్క కోస్తే ముక్కలాగే నిలబడుతుంది. రసాల కాయ అయితే తాగడానికి అద్భుతం, కానీ గిన్నెలో పెట్టి కాలిస్తే నీళ్లు వదిలి పైన ఉన్న పిండిని నానబెట్టేస్తుంది. మామిడిపండులో నూటికి ఎనభైకి పైగా నీళ్లే ఉంటాయి. అందుకని పండిన వాసన వస్తూ, వేలితో నొక్కితే కొద్దిగా మాత్రమే లొంగే కాయ తీసుకోండి. బాగా మెత్తబడ్డది అట్లనే తినేయండి.

ఇంకో మాట. కార్బైడ్‌తో కాయలు మాగబెట్టడం మన దేశంలో నిషేధం. ఇథిలీన్ వాయువుతో, పరిమితి లోపల, మాగబెట్టడానికి అనుమతి ఉంది. చూసి గుర్తుపట్టడం అన్నిసార్లూ కుదరదు. అన్నిటికంటే తేలికైన దారి, గట్టి కాయలు కొని ఇంట్లో గడ్డిలోనో, కాగితాల మధ్యనో మూడు నాలుగు రోజులు పెట్టడం. మన ఇళ్లల్లో పెద్దోళ్లు చేసేది అదే.

పిండి: మైదా బదులు జొన్న ఎందుకు?

మా మండలంలోనే పాలెం ఉంది. అక్కడ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది. జొన్న, ఆముదం లాంటి మెట్ట పంటల మీద పని చేస్తారు. అంటే జొన్న మనకు సూపర్‌మార్కెట్‌లో కొత్తగా వచ్చిన "మిల్లెట్" కాదు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించినప్పుడు చాలామందికి గుర్తొచ్చింది కానీ, పాలమూరులో జొన్న రొట్టె, గటక ఎప్పటినుంచో తిండి.

అయితే "మన పంట కాబట్టి" అని నేను జొన్న వాడట్లేదు. దానికి ఒక గుణం ఉంది, అది ఈ వంటకు సరిగ్గా సరిపోతుంది.

జొన్న రొట్టె చేసేటప్పుడు అమ్మ ఏం చేస్తుందో చూడండి. పిండిలో బాగా మరిగిన నీళ్లు పోస్తుంది. చల్లనీళ్లు పోసి కలిపితే రొట్టె తట్టేటప్పుడు పగిలిపోతుంది. ఎందుకంటే గోధుమలో ఉండే గ్లూటెన్ అనే సాగే ప్రొటీన్ జొన్నలో లేదు. మరిగే నీళ్లకు జొన్నలోని పిండిపదార్థం జిగురుగా మారుతుంది, ఆ జిగురే రొట్టెను పట్టుకుని ఉంచుతుంది.

ఇప్పుడు క్రంబుల్‌కు మనకు కావాల్సింది ఏంటి? పట్టుకుని ఉండటం కాదు, పొడిపొడిగా రాలిపోవడం. మైదాతో చేస్తే "ఎక్కువ కలపకండి, సాగుతుంది" అని ప్రతి రెసిపీలో హెచ్చరిక ఉంటుంది. జొన్న పిండిలో సాగేదే లేదు కాబట్టి ఆ భయం లేదు. రొట్టెకు కష్టంగా ఉన్న గుణం ఇక్కడ పనికొచ్చే గుణం అయింది. కానీ గుర్తుంచుకోండి, ఇక్కడ వేడినీళ్లు అస్సలు తగలనివ్వొద్దు.

పీచు సంగతి. హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2017లో వాళ్లు వేసిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో దాదాపు 10 గ్రాముల పీచు ఉంటుంది. మైదాలో 3 గ్రాముల లోపే. ఇక్కడ నిజాయితీగా ఒకటి చెప్పాలి. పొట్టుతో ఉన్న గోధుమ పిండిలో కూడా పీచు 11 గ్రాముల దాకా ఉంటుంది. అంటే పీచు కోసమే అయితే గోధుమ పిండి కూడా చాలు. జొన్న వాడేది పీచుతో పాటు ఆ పొడి గుణం కోసం, కాల్చినప్పుడు వచ్చే వాసన కోసం.

దానికి తోడు కొంచెం ఓట్స్, కొంచెం పల్లీలు. బాదం వేయాలని ఏం లేదు. పల్లీలు పండే నేల మనది. వేయించి పొట్టు తీసి కచ్చాపచ్చాగా దంచితే బాదం కంటే తక్కువేమీ ఉండదు.

చక్కెర తీసేస్తే ఏమవుతుంది?

నేను సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినోణ్ణి కదా, ఒక అలవాటు పోలేదు. కోడ్‌లో ఒక లైన్ తీసేసే ముందు, దాని మీద ఇంకేం ఆధారపడి ఉన్నాయో చూడాలి. చక్కెర కూడా అట్లనే. అది తీపి ఒక్కటే ఇవ్వదు. మూడు పనులు చేస్తుంది.

ఒకటి, తీపి. రెండు, పైపొరకు బంగారు రంగు, కరకర. చక్కెర వేడికి కరిగి మళ్లీ చల్లారినప్పుడు గట్టిపడుతుంది, ఆ కరకర అక్కడిది. మూడు, పండులోంచి వచ్చే రసాన్ని పాకంలా చిక్కగా చేస్తుంది.

కాబట్టి చక్కెర తగ్గిస్తే ఈ మూడు పనులూ ఇంకెవరికైనా అప్పజెప్పాలి.

తీపి పని పండుదే. మాగిన మామిడిలో 100 గ్రాములకు దాదాపు 14 గ్రాముల చక్కెర సహజంగానే ఉంది. పైనుంచి చక్కెర వేయాల్సిన అవసరమే లేదు. ఏలకుల వాసన, చిటికెడు ఉప్పు కలిస్తే ఉన్న తీపే ఇంకొంచెం ఎక్కువ అనిపిస్తుంది. ఇంకో కిటుకు: గోరువెచ్చగా తినండి. అదే తీపి చల్లగా ఉంటే నాలుకకు తక్కువ తెలుస్తుంది, వెచ్చగా ఉంటే ఎక్కువ తెలుస్తుంది. కరిగిపోయిన ఐస్‌క్రీమ్ మరీ తియ్యగా అనిపించేది అందుకే.

రంగు, కరకర పని వేయించడంతో చేయిద్దాం. జొన్న పిండి, ఓట్స్ ముందే పెనం మీద దోరగా వేయిస్తాం.

రసం చిక్కబడే పనికి ఒక చిన్న స్పూన్ మొక్కజొన్న పిండి చాలు. అదే, షాపులో కార్న్ ఫ్లోర్ అని అమ్మేది.

పైపొరలో మాత్రం 30 గ్రాముల బెల్లం వేస్తున్నాం. పూర్తిగా తీసేయొచ్చు, కానీ పిండి చప్పగా ఉంటే మొత్తం చప్పగా అనిపిస్తుంది. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. బెల్లం కూడా చక్కెరే. రంగు వేరు, వాసన బాగుంటుంది, కొద్దిగా ఖనిజాలు ఉంటాయి. అయితే అందులో ఎక్కువ భాగం చక్కెరలో ఉండే పదార్థమే. గ్రాముకు కేలరీలు కూడా దగ్గరదగ్గర అంతే. తేనె, ఖర్జూరం పాకం, కొబ్బరి చక్కెర, అన్నిటిదీ ఇదే కథ. రక్తంలోకి వెళ్లాక అది బెల్లమా చక్కెరా అని శరీరం అడగదు. కాబట్టి "బెల్లం వేశాం, ఎంతైనా తినొచ్చు" అనే మాట ఎవరన్నా నమ్మకండి. ఇక్కడ తేలిక అయ్యేది బెల్లం వేసినందుకు కాదు, తక్కువ వేసినందుకు.

నెయ్యి ఎంత? ఎందుకు?

మామూలు క్రంబుల్‌లో మైదాకు సగం బరువు వెన్న పడుతుంది. కొవ్వు గ్రాముకు 9 కేలరీలు, చక్కెర, పిండి గ్రాముకు 4. అంటే తేలిక చేయాలంటే పెద్ద తేడా వచ్చేది ఇక్కడే.

మనం వాడేది 30 గ్రాముల నెయ్యి, అంటే రెండు పెద్ద స్పూన్లు. వెన్నలో ఆరో వంతు దాకా నీళ్లు ఉంటాయి, నెయ్యిలో దాదాపు అంతా కొవ్వే. అందుకని తక్కువ నెయ్యితోనే పని అవుతుంది. పల్లీల్లో కూడా సగం దాకా నూనే ఉంటుంది, అది కూడా పిండిని మెత్తబరుస్తుంది. మిగతా తడి కోసం ఒకటి రెండు స్పూన్ల పెరుగు చిలకరిస్తాం.

నెయ్యి గట్టిగా ఉండాలి. కరిగిన నెయ్యి పోస్తే పిండి మొత్తం ఇసుకలాగా అవుతుంది, ఉండలు కట్టదు. మన మే నెల ఎండకు నెయ్యి గిన్నెలో నీళ్లలాగా ఉంటుంది కాబట్టి, ముందురోజు రాత్రే కొలిచి ఫ్రిజ్‌లో పెట్టేయండి.

కొలతలు (ఆరుగురికి)

పండు పొర:
- మామిడి ముక్కలు 600 గ్రాములు (తొక్క, టెంక తీసేశాక. మధ్యరకం కాయలు మూడు)
- నిమ్మరసం ఒక పెద్ద స్పూన్
- కార్న్ ఫ్లోర్ ఒక చిన్న స్పూన్
- ఏలకులు 4, పొడి చేసి సగం ఇందులోకి
- చిటికెడు ఉప్పు

పైపొర:
- జొన్న పిండి 60 గ్రాములు (అర కప్పు)
- ఓట్స్ 40 గ్రాములు (అర కప్పుకు కొంచెం తక్కువ)
- వేయించి దంచిన పల్లీలు 40 గ్రాములు
- తురిమిన బెల్లం 30 గ్రాములు (రెండు పెద్ద స్పూన్లు నిండుగా)
- గట్టి నెయ్యి 30 గ్రాములు
- పెరుగు ఒకటి లేదా రెండు పెద్ద స్పూన్లు
- మిగిలిన ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు

చేసే విధానం

1. జొన్న పిండిని పొడి పెనం మీద సన్న మంట పెట్టి నాలుగైదు నిమిషాలు వేయించండి. రంగు పెద్దగా మారదు, వాసన మారుతుంది. రొట్టె కాలే వాసన రాగానే దించండి. ఓట్స్ విడిగా మూడు నిమిషాలు. రెండూ పూర్తిగా చల్లారాలి. వేడి మీద నెయ్యి వేస్తే మళ్లీ కరిగిపోతుంది.

2. చల్లారిన పిండిలో ఓట్స్, పల్లీలు, బెల్లం, ఏలకులు, ఉప్పు కలపండి. గట్టి నెయ్యి వేసి వేళ్ల కొసలతో నలపండి. అరచేయి పెట్టొద్దు, అరచేయి వేడికి కరుగుతుంది. పెరుగు చిలకరించి ఇంకోసారి నలపండి. కొన్ని బఠాణీ గింజంత ఉండలు, మిగతాది రవ్వలాగా ఉంటే సరిపోయింది. పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

3. మామిడిని అంగుళం ముక్కలు కోసి నిమ్మరసం, కార్న్ ఫ్లోర్, ఏలకులు, ఉప్పు కలపండి. స్టీలు గిన్నెలో గానీ, ఓవెన్‌కు పనికొచ్చే గాజు గిన్నెలో గానీ పరవండి. నా సలహా అయితే ఒక్క పెద్ద గిన్నె కాకుండా ఆరు చిన్న స్టీలు గిన్నెలు వాడండి. ఎందుకో లెక్కలో చెప్తా.

4. పిండి పైన చల్లండి. నొక్కొద్దు. నొక్కితే ఆవిరి బయటికి రాక, పైపొర తడిసి ముద్ద అవుతుంది.

5. ఓటీజీ అయితే 180 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ముందే వేడి చేసి, పెద్ద గిన్నెకు 30 నుంచి 35 నిమిషాలు, చిన్న గిన్నెలకు 20 నుంచి 25 నిమిషాలు. ఎయిర్ ఫ్రయర్ అయితే 160 డిగ్రీలు, చిన్న గిన్నెలకు 15 నుంచి 18 నిమిషాలు. అంచుల దగ్గర రసం చిక్కగా బుడగలు రావాలి. బుడగలు వస్తేనే కార్న్ ఫ్లోర్ ఉడికినట్టు.

6. దించాక పావుగంట ఆగండి. అప్పుడే రసం చిక్కబడుతుంది, పైపొర గట్టిపడుతుంది. లోపలి రసం చాలా వేడిగా ఉంటుంది, తొందరపడితే నాలుక కాలుతుంది.

ఓవెన్ లేకపోతే

మందపాటి పాత గిన్నె తీసుకోండి. నాన్‌స్టిక్ వద్దు, ఖాళీగా వేడెక్కితే పూత పాడవుతుంది. అడుగున రెండు అంగుళాలు ఉప్పు లేదా శుభ్రమైన ఇసుక పోసి, మీద చిన్న స్టాండు పెట్టి, మూతపెట్టి మధ్యరకం మంట మీద పది నిమిషాలు వేడి చేయండి. తర్వాత స్టీలు గిన్నె పెట్టి సన్న మంట మీద 40 నుంచి 45 నిమిషాలు. స్టవ్ మీద గాజు గిన్నె పెట్టొద్దు. కుక్కర్ వాడేటట్టయితే గ్యాస్కెట్, విజిల్ రెండూ తీసేయాలి. ఇది తప్పనిసరి.

స్టవ్ మీద ఒక ఇబ్బంది ఉంది. వేడి కిందినుంచి వస్తుంది, పండులోంచి లేచిన ఆవిరి మూతకు తగిలి నీళ్లయి మళ్లీ పిండి మీదే పడుతుంది. అందుకే చివరి పది నిమిషాలు మూత కొంచెం వారగా పెట్టండి. పైపొర ఓవెన్‌లో వచ్చినంత రంగు రాదు. ముందే వేయించాం కాబట్టి రుచికి లోటుండదు.

ఇప్పుడు లెక్క

మామూలు క్రంబుల్ అంటే ఇదే 600 గ్రాముల పండుకు 200 గ్రాముల మైదా, 100 గ్రాముల వెన్న, పైపొరలో 100 గ్రాముల చక్కెర, పండులో ఇంకో 50 గ్రాముల చక్కెర అనుకుందాం. మొత్తం దాదాపు 2,400 కేలరీలు. ఆరు వాటాలు వేస్తే ఒక్కొక్కరికి 400 దాకా. పైనుంచి వేసిన చక్కెర మనిషికి 25 గ్రాములు.

మనం చేసింది: పండు 360, జొన్న 200, ఓట్స్ 150, పల్లీలు 230, బెల్లం 115, నెయ్యి 270, కార్న్ ఫ్లోర్ 20. మొత్తం 1,350 దగ్గర. ఒక్కో గిన్నెకు దాదాపు 225 కేలరీలు. పైనుంచి వేసిన తీపి 5 గ్రాములు.

ఈ 25, 5 ఎందుకు ముఖ్యం? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం పైనుంచి చేర్చే చక్కెరలు, తేనె, పండ్ల రసాల తీపి కలిపి రోజు మొత్తం శక్తిలో పదో వంతు దాటకూడదు. ఇరవయ్యో వంతు లోపు ఉంటే ఇంకా మంచిది. ఆ రెండోది పెద్ద మనిషికి దాదాపు 25 గ్రాములు. అంటే మామూలు క్రంబుల్ ఒక్క గిన్నెతో రోజంతటి కోటా అయిపోతుంది. ఇంకా చాయ్ తాగనే లేదు.

మీద ఐస్‌క్రీమ్ వేస్తే ఇంకో వంద కేలరీల పైనే కలుస్తాయి. దాని బదులు పెరుగును బట్టలో కట్టి రెండు గంటలు వేలాడదీసి, ఆ గడ్డ పెరుగు ఒక స్పూన్ వేసుకోండి. పుల్లగా, చల్లగా, వెచ్చటి మామిడి మీద బాగుంటుంది.

షుగర్ ఉన్నోళ్లకు పెట్టొచ్చా?

మా నాయినకు షుగర్ ఉంది. ఇంట్లో ఏ స్వీట్ చేసినా ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏందిరా, నాకేమన్న పెడ్తవా, లేకుంటె సూస్కుంట కూసోవాల్నా?" ఇది మా ఇంటి ఒక్క ప్రశ్నే కాదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు పది కోట్లకు పైనే. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఒకరు ఉండే ఉంటారు.

కాబట్టి సూటిగా చెప్తా. కేలరీలు తగ్గాయి, పైనుంచి వేసిన తీపి తగ్గింది. కానీ ఒక్కో గిన్నెలో 100 గ్రాముల మామిడి ఉంది, అందులో 14 గ్రాముల చక్కెర ఉంది. జొన్న, ఓట్స్ కూడా పిండిపదార్థాలే. అన్నీ కలిపితే ఒక గిన్నెలో 32 గ్రాముల దాకా కార్బోహైడ్రేట్లు. ఒక చిన్న పుల్కాలో దాదాపు 15 గ్రాములు. అంటే ఒక గిన్నె రెండు పుల్కాలతో సమానం.

ఈ ఒక్క లెక్క తెలిస్తే "తినొచ్చా, వద్దా" అనే గొడవ "ఎంత, దేని బదులు" అనే ప్రశ్న అయిపోతుంది. మా ఇంట్లో నాయినకు సగం గిన్నె పెడతాం, ఆ పూట ఒక పుల్కా తగ్గిస్తాం. భోజనం మీద అదనంగా కాదు, భోజనంలో భాగంగా. చిన్న గిన్నెల్లో చేయమన్నది ఇందుకే. పెద్ద గిన్నెలోంచి స్పూన్ స్పూన్ తీసుకుంటుంటే ఎంత తిన్నామో ఎవరికీ తెలియదు. గిన్నె లెక్క అయితే కంటికి కనబడుతుంది.

గ్లూకోమీటర్ ఉంటే తినే ముందు ఒకసారి, రెండు గంటల తర్వాత ఒకసారి చూడండి. ఒక్కొక్కరి శరీరం ఒక్కోలా ఉంటుంది. షుగర్ అదుపులో లేనివాళ్లు, ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు. నేను వంట చెప్పే మనిషిని, మందు చెప్పే మనిషిని కాదు.

ఇంకో చిన్న మాట. "నీకు వద్దు" అని గిన్నె లాక్కుంటే మనుషులు తినడం మానరు, మనం చూడనప్పుడు తింటారు. ఎదురుగా కూర్చోబెట్టి సగం గిన్నె పెట్టడమే మేలు.

మామిడి సీజన్ అయిపోతే?

ఆగస్టు దాటాక అరటి, ఆపిల్, చలికాలంలో జామ. జామకాయ గింజల భాగం తీసేసి, కండ ముక్కలు కోసి ఇదే పద్ధతిలో చేయండి. జామలో పెక్టిన్ ఎక్కువ, తనంతట తానే చిక్కబడుతుంది కాబట్టి కార్న్ ఫ్లోర్ అక్కర్లేదు. ఒక చిటికెడు మిరియాల పొడి వేస్తే ఇంకా బాగుంటుంది. అరటిపండు అయితే బెల్లం మొత్తం తీసేయండి, ఆ తీపి చాలు. బొప్పాయి వద్దు, నీళ్లు వదిలేస్తుంది.

మరి పాలమూరు అంటే సీతాఫలం కదా? మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ పేరుతో సీతాఫలం రకమే ఉంది. కానీ సీతాఫలం గుజ్జును బేక్ చేయొద్దు. వేడి తగిలితే చేదు వస్తుంది. దానికి దారి వేరే ఉంది. పైపొర ఒక్కటే పళ్లెంలో పరిచి పావుగంట కాల్చి చల్లార్చండి. గిన్నెలో గడ్డ పెరుగు, పచ్చి సీతాఫలం గుజ్జు, మీద ఈ కరకర పొడి. గింజలు మాత్రం చేత్తోనే తీయండి, మిక్సీలో వేయొద్దు. గింజ నలిగితే మంచిది కాదు.

చివరగా, తరచూ వచ్చే ఇబ్బందులు

పైపొర మెత్తగా వచ్చిందంటే పండు మరీ మెత్తనిదై ఉంటుంది, లేదా పిండి నొక్కి ఉంటారు. మరీ పొడిగా, పిండి పిండిగా ఉందంటే ఇంకో స్పూన్ పెరుగు పడాల్సింది. నోటికి చేదు తగిలితే జొన్న పిండి పాతది. జొన్న పిండి ఎక్కువ రోజులు నిలవ ఉంటే చేదెక్కుతుంది, కాబట్టి తాజాగా పట్టించి వాడండి.

మిగిలితే ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది. మళ్లీ తినేటప్పుడు మైక్రోవేవ్‌లో పెడితే మెత్తబడుతుంది. పెనం మీద మూత లేకుండా సన్న మంట మీద వేడి చేస్తే కొంచెం కరకర తిరిగి వస్తుంది. పైపొర పిండి మాత్రం వేయకముందు డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో నెల రోజులు ఉంచుకోవచ్చు. చుట్టాలు వచ్చినప్పుడు పండు కోసి, పైన చల్లి, పొయ్యి మీద పెట్టడమే.

ఈ వారం చేసి చూడండి. చేసేటప్పుడు కొలతలు ఒక్కసారైనా తూకం వేసి చూసుకోండి, తర్వాత చేతి అంచనాకు వస్తుంది. వచ్చే ఎపిసోడ్‌లో పల్లి పట్టి తక్కువ బెల్లంతో ఎట్లా నిలబడుతుందో చూద్దాం. ఉంటా మరి, నమస్తే.